కోతకు ముందు మూడు నెలలు

గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలే ఫైబ్రాయిడ్లు. దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు వాటిని పెంచుతాయి. అందుకే ముట్లు ఆగిపోయాక చాలావరకు వాటంతటవే చిక్కిపోతాయి. ఆ స్థితిని ఆపరేషన్‌కు ముందు కొద్దికాలం తెప్పించే మందు ల్యూప్రొలైడ్.

దీని మూలం మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో పుట్టే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోను. అది పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపితే, పిట్యూటరీ అండాశయాలను నడిపిస్తుంది. లక్షకు పైగా పందుల నుంచి సేకరించిన హైపోథాలమస్ ముక్కలను శోధించి 1971లో ఆండ్రూ షాలీ బృందం దాని నిర్మాణం తేల్చింది: పది అమైనో ఆమ్లాల గొలుసు. గొర్రెల మెదళ్లతో అదే పని చేసిన రోజర్ గిలెమాతో పాటు షాలీకి 1977లో నోబెల్ దక్కింది. సహజ హార్మోను రక్తంలో నిమిషాల్లోనే విరిగిపోతుంది. గొలుసులో ఆరో ఆమ్లాన్నీ చివరి కొసనూ మార్చి, ఎక్కువ సేపు నిలిచే ల్యూప్రొలైడ్‌ను తయారుచేశారు.

విచిత్రమేమంటే, అండాశయాలను పనిచేయించే హార్మోనుకు నకలే వాటిని నిద్రపుచ్చుతుంది. గంటకోసారి అందితే పిట్యూటరీ స్పందిస్తుందనీ, ఎడతెగకుండా అందితే మొద్దుబారుతుందనీ 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం కోతుల్లో నిరూపించింది. ల్యూప్రొలైడ్‌కు అమెరికాలో 1985లో ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది. నెలసరిలో అధిక రక్తస్రావంతో రక్తం తగ్గిన ఫైబ్రాయిడ్ రోగులకు ఆపరేషన్ ముందు ఐరన్‌తో కలిపి వాడటానికి 1995లో వచ్చింది.

సీసాలో ఉండేది తెల్లటి పొడి. మెల్లగా కరిగే పాలిమర్ గుళికల్లో మందు దాగి ఉంటుంది. ద్రవం కలిపి ఊపగానే పాలలా మారుతుంది, దాన్ని వెంటనే కండరంలోకి ఎక్కిస్తారు. నెలకు 3.75 మిల్లీగ్రాములు, సాధారణంగా మూడు నెలలు. తొలి రోజుల్లో హార్మోన్లు కాస్త పెరిగినా తర్వాత పడిపోతాయి, నెలసరి ఆగుతుంది, గడ్డలు మూడో వంతు నుంచి సగం దాకా కుదించుకుపోవచ్చు.

మిరప కోతలకూ పత్తి తీతకూ వెళ్లే గుంటూరు, ప్రకాశం స్త్రీలకు ఇందులో అసలు లాభం రక్తం నిలవడమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి దాదాపు తొమ్మిది మంది గర్భసంచి తీయించుకున్నారు, దేశ సగటు మూడే. గడ్డ చిన్నదైతే గర్భసంచిని ఉంచి దాన్ని మాత్రమే తీసే అవకాశం కొందరికి పెరుగుతుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పితీరాలి.

మందుకు ఇబ్బందులూ ఉన్నాయి: ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకల బలం తగ్గడం. గడ్డ మెత్తబడి కండరం నుంచి విడదీయడం కష్టం కావచ్చు. సూదులు ఆపేస్తే నెలల్లోనే మళ్లీ పెరుగుతుంది, కాబట్టి ఆపరేషన్ తేదీ ముందే ఖాయం చేసుకోవాలి. 2020, 2021లో అమెరికాలో ఫైబ్రాయిడ్ల రక్తస్రావానికి అనుమతి పొందిన ఎలగొలిక్స్, రెలుగొలిక్స్ మాత్రల్లో ఎముకల కోసం కొద్దిగా ఈస్ట్రోజెన్ కలిపారు. అయినా వాటి వాడకానికి రెండేళ్ల గడువు ఉంది.