డ్రిల్లు గంట

పదవ తరగతి పరీక్షలు సమీపించునప్పుడు మన పాఠశాలలలో మొట్టమొదట మాయమగునది డ్రిల్లు గంట. దానిని లెక్కల పంతులుగారో, సైన్సు పంతులుగారో అడిగి పుచ్చుకొందురు. తల్లిదండ్రులు సంతోషింతురు. మేము చదువుకొన్న బడిలోను అంతే; బంతి బీరువాలోనికి పోయెను, మేము బెంచీలమీదికి పోయితిమి. ఆ గంటలో నేర్చిన లెక్కలు జ్ఞాపకము లేవు గాని, గోడ గడియారపు ముల్లు ఎంత మెల్లగా కదలునో మాత్రము బాగుగా నేర్చితిమి.

ఆటకు పోయిన గంట చదువునకు నష్టమని మనలో చాలమంది నమ్మకము. ఈ నమ్మకమును పరీక్షకు పెట్టినవారు కలరు. 1950లో పారిస్ నగరము ప్రక్కనున్న వాన్వ్ అను ఊరి పాఠశాలలో మాక్స్ ఫూరెస్తియే అను వైద్యుని పూనికతో ఒక ప్రయోగమారంభమయ్యెను. ఉదయము పాఠములు, మధ్యాహ్నము వ్యాయామము, ఆటలు. పాఠముల వేళ తగ్గినను పిల్లలు వెనుకబడలేదని నిర్వాహకులు ప్రకటించిరి. అయితే ప్రకటించినవారు ప్రయోగము జరిపినవారే కదా! శాస్త్రమునకు ఇంతకన్న గట్టి సాక్ష్యము కావలెను.

మెదడు బరువు దేహపు బరువులో సుమారు 2 శాతమే. అయినను మనము ఊరక కూర్చున్నప్పుడు దేహము వాడుకొను ప్రాణవాయువులో సుమారు 20 శాతము దానికే పోవును. పరుగెత్తినచో రక్తము జోరుగా పారి మెదడు చురుకగునని సులభముగా చెప్పివేయుట కద్దు. విషయము అంతటితో ఆగలేదు. మెదడు లోతట్టున హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. క్రొత్త సంగతులు జ్ఞాపకమున నిలుచుటకు అది ముఖ్యము. 1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ పరిశోధనాలయమున హెన్రియెట్ వాన్ ప్రాగ్, ఫ్రెడ్ గేజ్ ప్రభృతులు కొన్ని చిట్టెలుకలకు పరుగెత్తుటకు చక్రమునిచ్చి, మరికొన్నిటికి ఈయక చూచిరి. పరుగెత్తిన ఎలుకలలో ఆ భాగమునందు క్రొత్త నాడీకణములు ఎక్కువగా నిలిచెను. మనుష్యులలో పెద్దవయసున అట్టి కణములు పుట్టునా అను వివాదము మాత్రము నేటికిని తీరలేదు.

ఎలుకల మాట అటుంచి పిల్లల సంగతి చూతము. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున చార్లెస్ హిల్‌మన్ బృందము 2009లో ప్రకటించిన పరిశోధన మాకు మిక్కిలి నచ్చినది. తొమ్మిది, పదేండ్ల పిల్లలు ఇరువదిమంది. ఒకనాడు ఊరక కూర్చున్న పిమ్మట, మరియొకనాడు 20 నిమిషములు యంత్రముమీద వడిగా నడిచి గుండెవేగము మామూలుకు వచ్చిన పిమ్మట, వారికి పరీక్షలు పెట్టిరి. ఇరుప్రక్కల గుర్తులు కంటిని లాగుచున్నను, నడిమి గుర్తును మాత్రమే చూచి మీట నొక్కుట వానిలో ఒకటి. నడిచిన నాడు తప్పులు తగ్గెను. చదివిన దానిని గ్రహించుటయు మెరుగుపడెను. వర్ణక్రమమునను, లెక్కలలోను అట్టి మేలు కనబడలేదు. లెక్కల పంతులుగారు దీనిని తమ పక్షమున చెప్పుకొనవచ్చును! కాని ఆ పిల్లలు నడచినందున లెక్కలు చెడలేదని కూడ వారు ఒప్పుకొనవలెను.

ఒక్కనాటి నడక ఫలము ఎంతసేపుండును? అందుచే ఆ బృందమువారే ఏడు మొదలు తొమ్మిదేండ్ల వరకు వయసుగల 221 మంది పిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు తొమ్మిది నెలలపాటు బడి విడిచిన పిమ్మట ఆటలు పెట్టిరి. 2014లో ఫలితములు వెలువడెను. ఆడినవారిలో ఏకాగ్రతను నిలుపు శక్తి రెండవ భాగము వారికంటె పెరిగినది. ఎక్కువ దినములు వచ్చినవారికి ఎక్కువ లాభము. అనగా పెరిగినది పాఠము కాదు, పాఠమునందు మనసు నిలుపు ఓపిక. మార్కులు అమాంతముగా పెరుగునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

ఐదు మొదలు పదునేడేండ్ల వరకు వయసుగలవారికి దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వంచి, ఆయాసము కలుగునంత కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మైదానము లేదను బడులకు ఆవరణలో వడినడకయు, త్రాడాటయు, మేడమెట్లును చాలును. మన వసతి కళాశాలల సంగతి వేరు. అక్కడ కొన్నింట తెల్లవారుజామున మొదలిడిన చదువు రాత్రి దీపములార్పువరకు సాగును. ఆ పిల్లలకు నడకయనగా గది నుండి భోజనశాలకు, భోజనశాల నుండి తరగతికి పోవు త్రోవయే.