కథ వింటూ, కథ చదువుతూ ఇంగ్లీషు

“మా అబ్బాయి ఐదో తరగతికి వచ్చాడండీ. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చాలు, ముఖం చిన్నబుచ్చుకుంటాడు. మాకా, ఆ అక్షరాలే రావు. ఇంట్లో మేమేం చెప్పగలం?”

గ్రామాలకు వెళ్లినప్పుడు తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. పగలంతా పొలంలో కష్టపడి, పిల్లవాని చదువు కోసం రూపాయి రూపాయి కూడబెట్టే తల్లికి ఇది చిన్న బాధ కాదు. ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో బడికి దూరమైన పిల్లలను మేము ఎరుగుదుము. ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినా, పుస్తకంలో లేని ఒక్క వాక్యం ఎదురైతే తెల్లబోయే పిల్లలు ఇంకా ఎక్కువ.

దీనికి ఒక మంచి జవాబు పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో దొరికింది. ఆ దేశం మనకు పూర్తిగా పరాయిది కాదు. 1903 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు.

పల్లెబడిలో కథల పుస్తకాలు

అక్కడి పల్లె పిల్లలు ఇంట్లో ఫిజీ భాషో, హిందీయో మాట్లాడతారు. బడిలో ఇంగ్లీషు. ఉపాధ్యాయుడు ఒక వాక్యం చెబితే పిల్లలందరూ అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అనడమే అప్పట్లో పాఠం. 1980లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు విద్యావేత్తలు కొన్ని గ్రామీణ పాఠశాలల్లో 4, 5 తరగతులకు ఒక్కొక్క తరగతికి 250 బొమ్మల కథల పుస్తకాలు ఇప్పించారు. కొన్ని తరగతుల్లో పిల్లలు రోజూ కొంతసేపు తమకిష్టమైన కథను తామే చదువుకున్నారు. మరికొన్నింటిలో ఉపాధ్యాయుడు బొమ్మలు చూపిస్తూ కథ చదివి వినిపించాడు, పిల్లలు గొంతు కలిపారు. మిగిలిన తరగతుల్లో పాత పద్ధతే సాగింది.

మొదటి సంవత్సరం ముగిసేసరికి కథలు చదివిన పిల్లలు, విన్న పిల్లలు కూడా చదివి అర్థం చేసుకోవడంలో మిగతావారిని బాగా దాటిపోయారు. రెండవ సంవత్సరంలో ఆ మేలు వారి రాతలోనూ కనిపించింది.

కథలో ఉన్న బలం

కోతి గుండె కోసం మొసలి వచ్చింది. ఇప్పుడు కోతి ఏం చేస్తుంది? ఇది తెలుసుకోవాలన్న ఆత్రుతలో పిల్లవాడు తెలియని మాట దగ్గర ఆగడు. బొమ్మను బట్టి, ముందు జరిగినదాన్ని బట్టి ఊహించుకుంటాడు. ‘ద మంకీ సెడ్’ అన్న మాటలు ఆ కథలో పదిసార్లు వస్తే, జరిగిపోయిన సంగతిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో సూత్రం లేకుండానే పట్టుబడుతుంది.

వినడం కూడా అంతే అవసరం. మన తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం. ఇంగ్లీషు అలా కాదు. ‘నైఫ్’ అనే మాటలో మొదటి అక్షరం కె, కాని అది పలకదు. ‘వాక్’, ‘టాక్’ మాటల్లో ఎల్ పలకదు. చెవితో వింటూ కంటితో చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

ఇంట్లో ఏం చేయాలి?

పిల్లలకు ముందే తెలిసిన కథతో ప్రారంభించండి. కుందేలు–తాబేలు కావచ్చు, ఆదివారపు బడిలో విన్న దావీదు గొల్యాతుల కథ కావచ్చు. ముందు మీరు దాన్ని తెలుగులో చెప్పండి. దానికి ఇంగ్లీషు రానక్కరలేదు. కథ తెలిసినవానికి ఇంగ్లీషు మాటలు సగం అర్థమైనట్టే.

తరువాత అదే కథను ఇంగ్లీషులో వినిపించండి. ఉపాధ్యాయుడో, పై తరగతి చదివే అక్కో చదవవచ్చు. ఇంట్లో ఫోను ఉంటే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు, ఇంగ్లీషు కథలు ఉచితంగా దొరుకుతాయి. అవి తేలిక నుండి కష్టానికి నాలుగు మెట్లుగా ఉంటాయి. ఐదో తరగతి పిల్లవాడైనా మొదటి మెట్టు నుండే మొదలుపెట్టవచ్చు, అందులో నామోషీ లేదు. వింటున్నప్పుడు పిల్లవాని వేలు వాక్యం వెంట నడవాలి. అదే కథను మూడు నాలుగు రోజులు విననివ్వండి.

ప్రతి మాటకూ అర్థం అడగకండి. తప్పు పలికితే నవ్వకండి, మధ్యలో ఆపకండి. అయిపోయాక, “ఏం జరిగిందిరా? నాకు చెప్పు” అని తెలుగులో అడగండి. అర్థమైనదీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క నెలలో అద్భుతం జరుగుతుందని మేము చెప్పము. ఫిజీ పిల్లలకూ నెలలు పట్టింది. కాని రోజుకు ఇరవై నిమిషాలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. తనకు ఇంగ్లీషు రాదని వెనుకకు తగ్గిన ఆ తల్లికి మా మాట ఒక్కటే: అమ్మా, నీవు పాఠం చెప్పనక్కరలేదు. ఈ రాత్రి అన్నాలయ్యాక వాని పక్కన కూర్చుని ఆ కథ విను.