గోత్రనామముల ధర్మకర్తలు

పరుల వివరములతో వ్యాపారము చేయువారికి కొత్త చట్టము వచ్చినది; దాని మర్మము మురమళ్ళ కల్యాణమంటపమున అనుదినము వినబడుచునే యున్నది.

వృద్ధగౌతమీ తీరమున కొబ్బరితోటల నీడలో ఒదిగియున్న మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము. పెండ్లి ఆలస్యమైన యువతీయువకులు తలిదండ్రులతో దూరప్రాంతములనుండి వచ్చి, స్వామికి కల్యాణము జరిపించి, తమ యింటను బాజాలు మ్రోగునను ఆశతో మరలిపోవుచుందురు. పేరేమి, గోత్రమేమి, నక్షత్రమేమి యని అర్చకుడు అడిగినపుడు చెప్పుటకు వారెవ్వరును సంకోచింపరు. దేశకాలములను కీర్తించి, గోత్రనామధేయములను ఉచ్చరించి, ఏ ప్రయోజనముకొరకు ఈ కర్మము జరుగుచున్నదో దానినికూడ స్పష్టముగా పలికిన పిమ్మటనే గదా సంకల్పమునకు అక్షతలు, నీళ్ళు విడుచుట! అడిగినది ఎందులకో అక్కడనే తెలియుచున్నది. తంతు ముగియగానే పలికిన మాట గాలిలో కలిసిపోవుచున్నది.

ఆ గోత్రనామములనే జన్మతేదీ, జీతము, ఫోటో, ఫోను నంబరులతో చేర్చి పెళ్ళిసంబంధాల ఆఫీసులో ఇచ్చివచ్చిన తండ్రికి మాత్రము ఆ నిశ్చింత లేదు. కంప్యూటరున కెక్కిన మాట గాలిలో కలియదు. చేతులు మారి నగల దుకాణమునకో, అప్పులిచ్చు సంస్థకో, తుదకు మోసగాండ్రకో చేరవచ్చును. ఇరువదినాలుగు రాష్ట్రములలోని 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరములను అమ్మజూపెనను అభియోగముపై 2023 ఏప్రిలులో సైబరాబాదు పోలీసులు ఒకనిని అరెస్టు చేసినపుడు, ఈ సరకునకు ఎంతటి అంగడి గలదో తెలుగువారికి తేటతెల్లమైనది.

మాన్యము వేరు, ధర్మకర్త వేరు

వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమునందు 2017 ఆగస్టు 24న ప్రకటించినది. మరుసటి యేడు ఐరోపా సమాఖ్యలో అట్టి శాసనము అమలునకు వచ్చినది. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము లభించినది. నియమావళి 2025 నవంబరులో వెలువడినది. వ్యాపారుల ప్రధాన బాధ్యతలకు అందు ఒసగిన గడువు పదునెనిమిది మాసములు, అనగా 2027 మే వరకు.

సమాచారమును సేకరించి వినియోగించువానికి ఈ చట్టము పెట్టిన పేరు ‘డేటా ఫిడ్యూషియరీ’. తెలుగున దీనికి సమీపమైన మాట వెదకినచో దొరకునది ‘ధర్మకర్త’. దేవుని మాన్యము ధర్మకర్త చేతిలో నుండును గాని ధర్మకర్తది కాదని కోనసీమలో పసిబాలునకైనను తెలియును. మనుస్మృతి పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము వెనువెంటనే వచ్చునది నిక్షేపము. నమ్మి దాచుకొన్నవాని సొత్తును సొంతమునకు వాడుకొనుట ఆనాడును అపరాధమే. నేడు దాచుకొను సొత్తు పేరును, ఫోను నంబరును అయినవి, అంతియే భేదము.

ఎవరికి, ఎంతవరకు

ఇరువురు వియ్యంకులు తమలోతాము జాతకములు మార్చుకొనినచో అది గృహవ్యవహారము, చట్టమునకు వెలుపలిది. రుసుము పుచ్చుకొని సంబంధములు చూపు సంస్థ దానికి లోబడినది. కాగితపు పుస్తకమున వ్రాసికొన్నంతకాలము చట్టము పలుకరింపదు. దానినే కంప్యూటరున కెక్కించినచో వదలదు. గల్ఫునకు పోవువారి పాస్‌పోర్టు నకళ్ళుంచుకొను ఏజెంటు, రక్తపరీక్షల ల్యాబు, రొయ్యల రైతులకు మేత అరువిచ్చు డీలరు, వాట్సాప్‌లో వచ్చిన ఆధారు కార్డులను ముద్రించి చెరుపుట మరచిన జిరాక్సు దుకాణదారు, వీరందరును ఈ విధమున ధర్మకర్తలే.

ఏ వివరము ఎందులకో తెలుపు నోటీసును ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఇరువదిరెండు భాషలలో కోరిన భాషయందుగాని చదువుకొను వీలుండవలెను; కనుక తెలుగునకు ఇచ్చట చోటు గలదు. సమ్మతి నిచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుటయు అంత సులభము కావలెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల వివరములకు తలిదండ్రుల సమ్మతి తప్పదు. కంప్యూటరు పనిని పరులకు అప్పగించినను బాధ్యత యజమానిని విడువదు. వివరములు బయటికి పొక్కినచో బాధితులకును, సమాచార రక్షణ మండలికిని జాప్యము లేక తెలిపి, డెబ్బదిరెండు గంటలలో మండలికి సవిస్తరమైన నివేదిక నీయవలెను. తగిన రక్షణ చేయనివారికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు పోవచ్చును. తప్పు తీవ్రతను తూచియే మండలి దానిని నిర్ణయించును.

ఇన్ని నియమములు గుర్తుండుట చిన్న వ్యాపారికి కష్టమే. అట్టివాడు పెళ్ళిసంబంధాల ఆఫీసునే తలచుకొనవలెను. సంబంధము కుదిరి శుభలేఖ చేతికందిన నాటితో ఆ జాతకము పని ముగిసినది. ఇక దానిని మరియొకరికి చూపరాదు, నియమావళి నిలుపుమన్న యేడాది తీరగానే చెరిపివేయవలెను. చాలమంది శుభలేఖను గుమ్మము చెంత భద్రపరచి, జాతకమును కంప్యూటరులో మరచిపోవుదురు.