సముద్రపు నాచు క్యాన్సరుకు మందా? రైతులు తెలిసికొనవలసిన విషయములు

పులివెందుల ప్రాంతములో చీనీ తోటల రైతుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచినాడు. "సార్, మా ఇంటామెకు రొమ్ములో గడ్డ ఉండాది. సముద్రపు నాచు క్యాన్సరును చంపుతాదని ఫోనులో వచ్చినాది. మనం చీనీ చెట్లకు కొట్టే నాచు మందు గూడ అదే గదా! దినామూ ఒక మూత నీళ్లలో కలిపి తాపితే పోతాదా?" అని అడిగినాడు.

"తాపవద్దు పెద్దాయనా, ముందు ఆమెను ఆసుపత్రికి తీసుకొని పో" అని చెప్పితిని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అంగళ్లలో కూడ ఈ నాచు ద్రావణములు అమ్ముచున్నారు గనుక, ఇటువంటి ఆలోచన మరి కొందరికి కూడ కలుగవచ్చును. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాను.

ఏమిటీ నాచు?

సముద్రములో రాళ్లను పట్టుకొని పెరుగు నాచులు ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ రంగులలో ఉండును. గోధుమరంగు నాచులలో కొంబు, వకామె అనువానిని జపాను, కొరియా దేశములవారు తరతరాలుగా తినుచున్నారు. మన రాష్ట్రములో విశాఖపట్నము తీరపు రాళ్లపై సర్గాసమ్ అను గోధుమరంగు నాచు పెరుగును. తమిళనాడులో రామేశ్వరము, మండపము తీరములలో కూడ ఇది లభించును. 1954లో భావనగరులో నెలకొల్పిన కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనముల పరిశోధన సంస్థ మన దేశపు నాచులపై పరిశోధనలు జరుపుచున్నది.

ప్రయోగశాలలో కనబడినది

గోధుమరంగు నాచును చేతపట్టిన జిగురు తగులును. ఆ జిగురులో ఫ్యూకోయిడాన్ అను పదార్థము కలదు. గంధకము చేరిన చక్కెర గొలుసు వంటిది ఇది. 1913లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు కైలిన్ దీనిని మొదట వేరుచేసినాడు. నాచుకు గోధుమరంగు నిచ్చునది ఫ్యూకోజాంతిన్ అను మరియొక పదార్థము.

గాజు పళ్లెములలో పెంచిన క్యాన్సరు కణములపై వీనిని వేసి చూచినప్పుడు అనేక ప్రయోగములలో ఆ కణముల పెరుగుదల మందగించినది. కొన్ని కణములు తమంతట తామే నశించినవి. ఎలుకలలో కణితికి రక్తము చేరవేయు కొత్త నాళములు పుట్టుట తగ్గినట్లు కూడ కనబడినది. ఫోనులలో తిరుగు వార్తకు మూలమిదియే. ఇంతవరకు అందులో అబద్ధము లేదు.

కుండీ వేరు, పొలము వేరు

కుండీలో బాగుగా పెరిగిన కొత్త వంగడమును చూచి, వెంటనే పది ఎకరములలో విత్తుమని మేము చెప్పము. పరిశోధన క్షేత్రములో, పలు ప్రాంతములలో, తరువాత రైతుల పొలములలో చిరుసంచుల ద్వారా పరీక్షించి, నెగ్గినదానినే సిఫారసు చేయుదుము. మందులకు ఇంతకంటె కఠినమైన పరీక్షలుండును.

పళ్లెములో పదార్థము నేరుగా కణమును తాకును. నోటితో మ్రింగిన ఫ్యూకోయిడాన్ అణువు చాల పెద్దది గనుక ప్రేగులనుండి రక్తములోనికి స్వల్పముగానే చేరును. అదియునుగాక నాచు జాతి, పెరిగిన చోటు, కోసిన కాలము, తీసిన విధానము మారినచో దాని గుణము మారును. మనుష్యులపై జరిగిన పరీక్షలు చిన్నవి. వానిలో కొన్ని కీమోథెరపీ వలన కలుగు నీరసము తగ్గునా అని మాత్రమే చూచినవి. నాచు పదార్థమేదియు క్యాన్సరును నయము చేయునని నేటివరకు రుజువు కాలేదు.

బిళ్లగన్నేరు చెప్పు పాఠము

మన పెరళ్లలోని బిళ్లగన్నేరునే చూడుడు. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు దాని ఆకునుండి విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసినారు. దాని తోటి మందు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించినది. పిల్లల రక్త క్యాన్సరుకు నేటికిని దానిని వాడుచున్నారు. అట్లని ఎవరును ఆ ఆకు నమిలి క్యాన్సరును పోగొట్టుకొనలేదు. ఆ ఆకు విషము. టన్నులకొద్ది ఆకునుండి గ్రాములలో తీసి, శుద్ధిచేసి, మోతాదు కట్టి, నరమునకు ఎక్కించిననే అది మందు అయినది. నాచు ఇంకను ఆ దారిలో మొదటి మజిలీలలోనే ఉన్నది.

జాగ్రత్తలు

1. పైరుకు చల్లు నాచు ద్రావణమును మనుష్యులు గాని పశువులు గాని త్రాగరాదు. నాచును కరగించుటకు క్షారములు, చెడకుండుటకు రసాయనములు అందులో కలుపుట కలదు.

2. మనిషికి దినమునకు 150 మైక్రోగ్రాముల అయోడిను చాలును. ఒక్క గ్రాము ఎండు కొంబులో వెయ్యికి మించి ఉండవచ్చును. థైరాయిడు జబ్బు ఉన్నవారికి ఇది హాని.

3. ఫ్యూకోయిడాన్‌కు రక్తమును గడ్డకట్టనీయని గుణము కలదు. రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, శస్త్రచికిత్సకు సిద్ధమగువారును వైద్యుని అడుగక నాచు మాత్రలు తీసికొనరాదు.

మన చేతిలో ఉన్నది

చుట్ట, బీడి, గుట్కా మానుట క్యాన్సరును దూరముంచు మొదటి పని. బూజు పట్టిన వేరుశనగలో పుట్టు అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సరును కలిగించును. కావున కాయలను తేమ 8 శాతమునకు మించకుండ ఎండబెట్టి, బూజు గింజలను ఏరి పారవేయవలెను. వానిని పశువులకు కూడ పెట్టరాదు.

రొమ్ములో గడ్డ, మూడు వారములకు మానని నోటి పుండు, కారణము తెలియని రక్తస్రావము కనబడినచో ఆలసింపక వైద్యునికి చూపవలెను. అర్హులైన కుటుంబములకు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకము క్రింద క్యాన్సరు చికిత్స ఉచితముగా లభించును. గ్రామ సచివాలయ సిబ్బంది, ఆశా కార్యకర్తలు ఈ సంగతిని ప్రతి ఇంటికి తెలుపవలెను.

ఆ పెద్దాయన మరుసటి వారమే భార్యను తిరుపతికి తీసికొని పోయినాడు. గడ్డ చిన్నదిగా ఉండగానే చికిత్స మొదలైనది. నాచు మందు సీసా చీనీ తోటలోనే ఉన్నది. దాని చోటు అదే.