చదరంలో దాగిన చిరునామా
మరక పడినా చదువుతుంది.. మోసాన్ని మాత్రం పసిగట్టదు

లంబసింగి (చింతపల్లి): చలికాలం వచ్చిందంటే లంబసింగికి పర్యాటకుల తాకిడి మొదలవుతుంది. పొగమంచులో వేడివేడి టీ తాగినా, బొంగు చికెన్ తిన్నా, స్ట్రాబెర్రీలు కొన్నా పలువురు జేబులోంచి తీసేది ఫోనే. దుకాణం ముందు అతికించిన నలుపు తెలుపు చదరాన్ని ఫోన్‌కు చూపితే వ్యాపారి ఖాతాకు సొమ్ము చేరుతుంది. ఇంతకీ ఆ చదరంలో ఏముంటుంది? మంచుకు తడిసినా, అంచు చిరిగినా ఎలా పనిచేస్తుంది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు?

చారల నుంచి చదరానికి..
సబ్బు పెట్టెపై కనిపించే నిలువు చారల బార్‌కోడ్‌లో సమాచారం అడ్డంగా ఒకే వైపు సాగుతుంది. సాధారణంగా అందులో 13 అంకెలే ఉంటాయి. అడ్డంగానూ నిలువుగానూ సమాచారం నింపితే అదే స్థలంలో ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. ఈ ఆలోచనతోనే జపాన్‌కు చెందిన డెన్సో సంస్థ ఇంజినీరు మసాహిరో హరా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. వాహన విడిభాగాల లెక్క చూసేందుకు పుట్టిన ఈ కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేందుకు సంస్థ అనుమతించడంతో ప్రపంచమంతటా వ్యాపించింది.

గడుల్లో అక్షరాలు
క్యూఆర్ కోడ్‌లో నల్ల గడిని ఒకటిగా, తెల్ల గడిని సున్నాగా లెక్కిస్తారు. ఇంగ్లిష్ చిన్న అక్షరం 'యు'ను రాయాలంటే 01110101 అనే ఎనిమిది అంకెలు, అంటే ఎనిమిది గడులు కావాలి. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు ఇందుకు మూడు రెట్ల గడులు పడతాయి. నలుపు, తెలుపు ఒకేచోట గుంపుగా చేరితే కెమెరా తికమక పడుతుంది. అందుకని ఎనిమిది రకాల నిర్ణీత నమూనాల్లో అనువైన దానిని ఎంచుకుని, దాని ప్రకారం కొన్ని గడుల రంగును తారుమారు చేస్తారు. ఏ నమూనా వాడారో కూడా కోడ్‌లోనే నమోదవుతుంది.

మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాలు కోడ్ ఎక్కడుందో, ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌కు చెబుతాయి. అందుకే తలకిందులుగా చూపినా చదవగలదు. కోడ్ ఒక వైపు 21 గడుల నుంచి 177 గడుల వరకు 40 పరిమాణాల్లో ఉంటుంది. అన్నిటికన్నా పెద్దదానిలో 7,089 అంకెల వరకు పడతాయి.

చిరిగినా చెరగదు
అసలు సమాచారంతో పాటు దాని ఆధారంగా లెక్కగట్టిన అదనపు సంకేతాలను కూడా కోడ్‌లో చేరుస్తారు. రీడ్, సాల్మన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన పద్ధతి ఇది. కొంత భాగం పాడైనా మిగిలిన దానితో లెక్క సరిచూసి ఫోన్ లోపాన్ని పూరిస్తుంది. కోడ్ తయారీలో ఎంచుకున్న స్థాయిని బట్టి సుమారు 7, 15, 25, 30 శాతం వరకు నష్టాన్ని తట్టుకుంటుంది. మూలల్లోని చదరాలు చెరిగిపోతే మాత్రం చదవడం కష్టం.

మరికొన్ని రకాలు
* డేటా మ్యాట్రిక్స్: ఎడమ, కింది అంచులు గట్టి నల్ల గీతలుగా ఉంటాయి. చాలా చిన్న స్థలంలో ఇముడుతుంది. మందుల పెట్టెలపై కనిపిస్తుంది. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రధాన మందుల బ్రాండ్లపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. దానిని చదివితే బ్యాచ్ నంబరు, గడువు తేదీ వంటి వివరాలు తెలుస్తాయి.
* పీడీఎఫ్ 417: చారలను వరుసలుగా పేర్చినట్లు ఉంటుంది. విమాన ప్రయాణ బోర్డింగ్ పాసులపై వాడతారు.
* అజ్టెక్: నడుమ ఒకదానిలో ఒకటిగా చదరాలు ఉంటాయి. ఐరోపా రైలు టికెట్లపై వాడుకలో ఉంది.

జాగ్రత్త ఇక్కడే..
దుకాణం ముందున్న క్యూఆర్‌లో డబ్బు ఉండదు. వ్యాపారి యూపీఐ చిరునామా, పేరు వంటి వివరాలే ఉంటాయి. అందుకే దానిని చదవడానికి సిగ్నల్ అవసరం లేదు, సొమ్ము చేరడానికి మాత్రం కావాలి. మన్యంలో సిగ్నల్ అందని చోట్ల కోడ్ చదివి, పేరు కనిపించినంత మాత్రాన చెల్లింపు పూర్తయినట్లు కాదు. కొనుగోలుదారు చూపే తెరను కాక, తన ఖాతాకు జమ అయిన సందేశాన్నే వ్యాపారి నమ్మాలి.

మరకను సరిదిద్దుకునే కోడ్, తనపై మరో స్టిక్కరు అతికిస్తే ఏమీ చేయలేదు. కొత్త స్టిక్కరులోని చిరునామాకే సొమ్ము పోతుంది. అందువల్ల రోజూ దుకాణం తెరవగానే వ్యాపారి తన కోడ్‌ను ఒకసారి చదివి పేరు సరిచూసుకోవాలి. చెల్లించేవారు కూడా తెరపై కనిపించే పేరును దుకాణదారును అడిగి నిర్ధారించుకోవాలి. సొమ్ము అందుకోవడానికి కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు. అలా చేయమని ఎవరైనా ఫోన్ చేస్తే మోసమని గ్రహించాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.