లాంచీలో చుట్ట పొగ

గోదావరి మీద లాంచీ పోతోంది. పక్కాయన చుట్ట ముట్టించాడు. గాలి మన వైపే. ఒళ్లో పసిపిల్ల దగ్గుతోంది.

కాల్చేది ఆయన, మనకేం అనుకోకండి. ఆ పొగ మన ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. పిల్లలకు దగ్గు, ఉబ్బసం ఎక్కువవుతాయి. కడుపుతో ఉన్నవాళ్లకూ చెరుపే.

పెద్దాయనకు ఎలా చెప్పాలి? తగవు అక్కర్లేదు. "బాబాయ్, పాపకు పొగ పడటంలేదు. కాస్త ఆర్పెయ్యండి" అనండి. "నా డబ్బుతో నేను కాల్చుకుంటున్నా" అంటాడా? లాంచీ నడిపే సరంగుకు చెప్పండి. లాంచీలో డీజిలు ఉంటుంది. నిప్పురవ్వ పడితే పారిపోదామన్నా చుట్టూ నీళ్లే.

బస్సు, రైలు, లాంచీ అందరివీ. వీటిలో చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదీ కాల్చకూడదని 2003లో చట్టం వచ్చింది. కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా. రేవులో దిగాక, జనం లేని చోట కాల్చుకోమనండి.