ఊపిరి ఆగేచోట వరుస విరవండి

సభలో ప్రసంగం చదువుతూ ఎవరైనా తడబడితే పాపం భయపడ్డారనుకుంటాం. చాలాసార్లు తప్పు మనిషిది కాదు, చేతిలోని కాగితానిది. పత్రికలో అచ్చుకి పనికొచ్చేలా టైపు చేసిన పేజీని మైకు ముందు పెట్టుకుంటే ఎంతటివారికైనా నాలుక మడత పడుతుంది.

విన్‌స్టన్ చర్చిల్ కుర్రతనంలో ప్రసంగాలు బట్టీపట్టి చెప్పేవాడు. 1904 ఏప్రిల్ 22న బ్రిటన్ కామన్స్ సభలో మాట్లాడుతూ మధ్యలో మరిచిపోయి, ఎంతకీ గుర్తురాక కూర్చుండిపోయాడు. ఆ తర్వాత కాగితాలు లేకుండా పెద్ద ప్రసంగానికి లేచింది లేదు. ఆయన కార్యదర్శులు ఆ కాగితాలను పేరాలుగా కాకుండా పద్యపాదాల్లా చిన్న చిన్న వరుసలుగా టైపు చేసేవారు. ఎక్కడ ఆగాలో, ఎంతవరకు ఒక్క ఊపిరిలో చెప్పాలో చూడగానే తెలిసేది.

తెలుగులో ఈ అవసరం ఇంకా ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చేస్తామో చెయ్యమో తేల్చేది ఆ ఆఖరి మాటే. పొడుగు వాక్యం చదివేటప్పుడు ఊపిరి అయిపోయి గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నీ వినిపిస్తాయి, ఏం చేశారన్నది తప్ప.

బడి వార్షికోత్సవాల్లో వినిపించే తరహా వాక్యం ఒకటి చూడండి:

“పాఠశాల నూతన భవన నిర్మాణం నిమిత్తం రూ.2,50,000/- విరాళముగా అందజేసిన దాతలకు మరియు ఈ కార్యక్రమానికి విచ్చేసిన పూర్వ విద్యార్థులకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేయుచున్నాము.”

ఇదే సంగతిని నోటికి తగ్గట్టు రాస్తే:

మన బడికి కొత్త భవనం వచ్చింది.
దానికి రెండున్నర లక్షలు ఇచ్చిన దాతలు
ఇవాళ మన మధ్యే ఉన్నారు.
ఇక్కడ చదువుకుని వెళ్లిన పిల్లలూ వచ్చారు.
అందరికీ
మా కృతజ్ఞతలు.

అంకె అక్షరాల్లోకి మారింది. లేకపోతే సున్నాలు లెక్కపెట్టుకునేలోపు సభ గుసగుసలాడుతుంది. ‘అందరికీ’ అన్న మాట ఒంటరిగా ఉంది కాబట్టి అక్కడ తలెత్తి జనం వైపు చూడొచ్చు. మళ్లీ కిందికి చూస్తే తర్వాతి వరుస దొరకడానికి వెతుక్కోనక్కర్లేదు.

వరుసను ఎక్కడ పడితే అక్కడ విరిస్తే లాభం లేదు. కంప్యూటర్‌కి వదిలేస్తే ‘రెండున్నర’ పైన, ‘లక్షలు’ కింద పడతాయి. ఇంటిపేరు ఒక వరుసలో, అసలు పేరు మరో వరుసలో మిగులుతాయి. రెండు అంచులూ సమంగా సర్దితే మాటల మధ్య ఖాళీలు అడ్డదిడ్డంగా సాగుతాయి. ఎడమ అంచు ఒక్కటీ సమంగా ఉంటే చాలు.

అక్షరం 18 పాయింట్లకు తగ్గనివ్వకండి. వరుసల మధ్య ఎడం కూడా బాగా ఉండాలి. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, ఇరుకులో రెండూ ఢీకొంటాయి. పేజీలో కింది మూడో వంతు ఖాళీగా వదిలేయండి. అక్కడిదాకా చదవాలంటే గడ్డం ఛాతీకి ఆనుతుంది, మాట మైకుని దాటి కిందికి పోతుంది. కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించి, వాక్యం ఏ పేజీకాపేజీలోనే ముగిసేలా చూసుకోండి. పిన్ను కొట్టొద్దు, పేజీ నంబర్లు మరవొద్దు.

కొందరు ఆగేచోట ఒక గీత, ఎక్కువసేపు ఆగేచోట రెండు గీతలు పెట్టుకుంటారు. మంచిదే. ఆ పక్కనే ‘ఇక్కడ నవ్వాలి’ అని రాసుకోవడం మాత్రం నాకు నచ్చదు. ఆ నవ్వు కాగితంలోంచి వచ్చిందని అందరికీ తెలిసిపోతుంది.

చివరగా నిలబడి, గొంతెత్తి ఒకసారి చదవండి. కళ్లతో చదివితే లోపాలు దొరకవు. నాలుక తగులుకున్న చోట వరుస విరవండి. అప్పుడూ తగులుకుంటే ఆ మాటే మార్చేయండి. ముఖ్య అతిథి పేరు కొత్తగా ఉంటే ముక్కలు విడదీసి పెద్ద అక్షరాల్లో రాసుకోండి. ఇంకో సంగతి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకోవద్దు. మైకు ముందు అది చదునుగా నిలవదు. పల్చటి ఫైలొకటి చేతపట్టుకుని వెళ్లండి.